డ్రయ్యర్ శ్రుతి

గోడ గడియారంలో మూడూ పదకొండు. ఆ గడియారం ఐదు నిమిషాలు ముందు నడుస్తుంది, సూపర్‌వైజరు కావాలనే అలా పెట్టించాడని నాన్న చెప్పాడు, అంటే నిజానికి మూడూ ఆరు, ఎగ్జామినరు మూడింటికి వస్తానన్నాడు, ఆరు నిమిషాలు ఆలస్యం ఏం ఆలస్యం, అసలు రాకుండా పోతేనే బాగుండునేమో, ఛీ, ఏం ఆలోచన ఇది, నాలుగేళ్ళు చదివి ఆఖరి పరీక్షకి ఎగ్జామినరు రాకూడదని కోరుకునేదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. దుప్పట్ల గదిలో కూర్చున్నాను, మడతపెట్టిన దుప్పట్ల కట్ట మీద, ఆసుపత్రి దుప్పట్లు, ఇస్త్రీ వేడి ఇంకా పొరల్లో ఉంది, కింద నుంచి వెచ్చగా తగులుతోంది. తలుపు అవతల టీ గదిలో ముప్పై మంది లాండ్రీ పనివాళ్ళు నాలుగు వరసల్లో కూర్చుని నా కోసం ఎదురుచూస్తున్నారు. మూడు నుంచి నాలుగు దాకా మెషిన్లు ఆపడానికి సూపర్‌వైజరు ఒప్పుకున్నాడు, ఆ గంటలో వాళ్ళ చేత రెండు పాటలు పాడించాలి, పాడించాక ఎగ్జామినరు కాగితం మీద బాగుందని రాస్తే నేను సంగీతం టీచర్ని అయిపోతాను, బాగాలేదని రాస్తే ఇంకో సంవత్సరం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని, మా వాళ్ళకి ఇంకో సంవత్సరం అంటే ఏంటో కూడా తెలియదు, చదువు అంటే మొదలుపెట్టాక అయిపోయేదే అనుకుంటారు. ఆ ముప్పై మందిలో ఆఖరి వరసలో, కిటికీ నుంచి రెండో కుర్చీలో మా నాన్న ఉన్నాడు. పాట మొదలయ్యాక నోరు తెరుస్తాడు, పెదాలు కదుపుతాడు, ఒక్క మాట తప్పడు, ఒక్క చోట వెనకబడడు. గొంతు మాత్రం రాదు. గొంతు తియ్యొద్దని చెప్పింది నేనే.

ఈ భవనం ఇంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు సెలవు రోజుల్లో నాన్నకి భోజనం డబ్బా తెచ్చేదాన్ని, గేటు దగ్గరే అరికాళ్ళకి తెలిసిపోయేది లోపల డ్రయ్యర్లు తిరుగుతున్నాయని. ఎనిమిది డ్రయ్యర్లు, ఒక్కోటి మా వంటగదంత, అన్నిటిదీ కలిసి ఒకటే మోత, ఊపిరి తీసుకోని మోత. అందులో గొంతు పెట్టి మాట్లాడటం దండగ, అరిచినా పక్కవాళ్ళకి అందదు, అందుకని అక్కడ ఎవరూ అరవరు, పెదాలతో మాట్లాడుకుంటారు. నోరు కాస్త సాగదీసి ఒక్కో మాటనీ పెదాల మీద పెట్టి చూపిస్తారు, హాలు ఈ చివర వాళ్ళు ఆ చివర వాళ్ళకి జోకులు కూడా చెప్తారు, ఇటు పెదాలు కదులుతాయి, అటు భుజాలు ఊగుతాయి, నవ్వు కూడా వినపడదు. నాన్న ఆ అలవాటు ఇంటికి తెచ్చాడు. భోజనం దగ్గర ఉప్పు కావాలంటే పెదాలే, అమ్మ పక్కింటామెతో కబుర్లలో పడితే ఆమె వెనక నిలబడి 'ఇక చాలు, రా' అని పెదాలే, నేను పరీక్షకి వెళ్తుంటే మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, 'భయపడకు, తొందరపడకు, పేరు రాయడం మర్చిపోకు'. నాన్నలందరూ ఇంతేననుకున్నాను చాలా రోజులు. రెండో తరగతిలో పక్క పిల్లని పెదాలతో పెన్సిల్ అడిగితే "నీకు మాటలు రావా" అంది, అప్పుడు తెలిసింది ఇది అందరికీ వచ్చే విద్య కాదని, ఆ రోజు నుంచే అనుకుంటా, బయట ఆ విద్య దాచుకోవడం మొదలుపెట్టాను.

దాచుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు. కాలేజీలో మొదటి సంవత్సరం చెవుల మేడమ్ క్లాసు, ఆవిడ అసలు పేరు వేరే, స్వరాలు విని గుర్తుపట్టడం నేర్పుతుంది కాబట్టి సీనియర్లు ఆ పేరు పెట్టారు. శ్రుతిదండం అని రెండు కొమ్ముల ఇనప కడ్డీ ఉంటుంది, దాన్ని మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే ఒక స్వరం మోగుతుంది, అదే పాటకి నేల. అది వినిపించి, పక్కన పెట్టేసి, ఐదు నిమిషాలు వేరే కబుర్లు చెప్పి, హఠాత్తుగా ఒకళ్ళని చూపించి "ఇప్పుడు పాడు" అనేది. అందరూ కాస్త అటూ ఇటూగా వచ్చేవాళ్ళు. నేను ప్రతిసారీ కిందకి పడేదాన్ని, ప్రతిసారీ అంతే దూరం, తప్పులో కూడా అంత నిలకడ. "ఈ శ్రుతి ఎక్కడ నేర్చుకున్నావు, ఇంట్లో ఏ వాయిద్యం ఉంది" అని అడిగింది. రేపు చెప్తానండీ అన్నాను. ఆ సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుంటే తెలిసింది, నాన్న నన్ను జోకొట్టేటప్పుడు తీసే కూనిరాగం ఎక్కడ మొదలయ్యేదో. డ్రయ్యర్ మోత ఎక్కడుందో అక్కడ. ఇరవై ఆరేళ్ళుగా ఆయన చెవుల్లో అదే మోగుతోంది, ఇంటికొచ్చినా దిగదు, దాని మీదే ఆయన పాడాడు, దాని మీదే నేను నిద్రపోయాను. మర్నాడు వెళ్ళి "డ్రయ్యరండీ" అని చెప్పొచ్చు, ఆవిడ నవ్వేది, మహా అయితే క్లాసంతా నవ్వేది. "పాత రేడియో అండీ, సరిగ్గా మోగదు" అన్నాను. మా ఇంట్లో రేడియో లేదు. తర్వాత ఏడాది పాటు రోజూ పొద్దున్నే శ్రుతిదండం మోకాలికి కొట్టుకుని కొట్టుకుని మోకాలు నల్లబడింది, ఆఖరికి నాన్న స్వరం నా గొంతులోంచి పోయింది. మురికి వదిలింది అనుకున్నాను. మురికి, ఆ మాటే అనుకున్నాను, లాండ్రీ పనివాడి కూతుర్ని కదా, వేరే మాట ఎక్కడ దొరుకుతుంది.

మూడో సంవత్సరంలో అదే మేడమ్ ఒక బొమ్మ చూపించింది, మోత మధ్య ఏళ్ళ తరబడి పనిచేసేవాళ్ళ చెవులు ఎలా అరుగుతాయో, ముందు ఏ స్వరాలు పోతాయో, పోయిన సంగతి వాళ్ళకే ఎలా తెలియదో. శ్రద్ధగా నోట్సు రాసుకున్నాను, కింద ఎర్ర పెన్సిల్‌తో గీత కూడా గీశాను. ఆ బొమ్మలో నాన్న చెవులున్నాయని నాకు తట్టలేదని చెప్తే ఎవరూ నమ్మరు, నేనూ నమ్మను. తట్టింది. తట్టాక పేజీ తిప్పాను.

మూడూ ఇరవై. బయట ఎవరో కుర్చీ జరిపారు, ఎవరో దగ్గారు, నాన్న దగ్గు కాదు, ఆయన దగ్గు నాకు తెలుసు. ఎగ్జామినరు దారిలో ఉన్నానని ఫోన్ చేశాడట, సూపర్‌వైజరు కిటికీలోంచి చెప్పి వెళ్ళాడు, నాలుగైతే మాత్రం మెషిన్లు వేసేస్తాను, ఆసుపత్రి వాళ్ళు దుప్పట్ల కోసం ప్రాణాలు తీస్తున్నారు అని కూడా చెప్పి వెళ్ళాడు. నేను పాటల కాగితాలు ఒడిలో పెట్టుకుని చదువుతున్నట్టు కూర్చున్నాను. కాగితం మీద పైన నా ప్రాజెక్టు పేరు అచ్చులో, 'గొంతు లేనివారికి గొంతు'. మా కోర్సులో ఆఖరి ఏడాది అరవై గంటల సమాజసేవ ఉంటుంది, సంగీతం లేని చోటికి సంగీతం తీసుకెళ్ళాలి, తోటివాళ్ళందరూ అనాథాశ్రమాలు, వృద్ధాశ్రమాలు ఎంచుకుంటే నేను లాండ్రీ అని రాశాను. కమిటీ వాళ్ళు మురిసిపోయారు, ఇలాంటి చోట్ల గురించి ఎవరికి తడుతుందమ్మా అన్నారు. నాకు తట్టిందని తల వంచుకుని ఒప్పుకున్నాను, ఎంత వినయమో. మా నాన్న పనిచేసే చోటని ఎక్కడా రాయలేదు, ఆ ఫారంలో దానికి గడి లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

గడి ఉన్నా లేకపోయినా ఇక్కడ అందరికీ నేను చిట్టినే. పాటకి అందరికన్నా ముందు పేరిచ్చింది నాన్నే, అంతకు ముందు రోజు హాలంతా తిరిగి ఒక్కొక్కళ్ళకీ పెదాలతో చెప్పాడట, 'మా చిట్టి పాట నేర్పుతుంది, ఆరున్నరకి, రాకపోతే ఊరుకోను'. ఆరున్నరకి ముప్పై మంది వచ్చారు, చేతులకి సబ్బు వాసన, ఎనిమిది గంటలు నిలబడ్డ కాళ్ళు, అయినా వచ్చారు. నాన్న ఆఖరి వరసలో నిలబడి ఛాతీ నిండా గాలి పీల్చి పాడాడు. నాన్న పాడటమంటే పాడటం కాదు, బయల్దేరడం, పాట ఎక్కడున్నా సరే తన దారిన తను బయల్దేరతాడు, మిగతా ఇరవై తొమ్మిది మందీ ఒక వైపు వెళ్తుంటే ఆయన ఒక మెట్టు కింద నుంచి ఆనందంగా చేతులూపుతూ వస్తున్నట్టు ఉంటుంది. మొదటి నెల నవ్వుకునేవాళ్ళం, ఇస్త్రీ బాబాయ్ "మీ నాన్న పాట వేరే రూట్లో వస్తుందే" అనేవాడు, నాన్న కూడా నవ్వేవాడు, నేనూ నవ్వాను. అప్పుడు నా నవ్వులో సిగ్గు లేదు, లేదనే గుర్తు. సిగ్గు బయట నుంచి వచ్చింది, ఒక కుర్చీలో కూర్చుంది, ఆ కుర్చీ నేనే తుడిచి వేశాను.

మూడు వారాల కిందట చెవుల మేడమ్ మా పాట ఎంతదాకా వచ్చిందో చూడటానికి వచ్చింది. ఫ్యాను ఆవిడ వైపు తిప్పాను, మంచి గ్లాసులో నీళ్ళిచ్చాను. పాట మొదలైంది, 'ఏరు దాటి వస్తున్నాను, తలుపు వేయకు', ఏరు దగ్గరే నాన్న బయల్దేరాడు. మేడమ్ కళ్ళద్దాల వెనక కళ్ళు మూసుకుంది, పంటి నొప్పి వచ్చినవాళ్ళలా. అయ్యాక నా వైపు వంగి మెల్లగా, "మిగతావాళ్ళు ఫర్వాలేదు, వెనకాల ఆ పెద్ద గొంతు ఎవరిది" అంది. ఆఖరి వరసండీ అన్నాను. "ఎవరాయన?" అంది. జవాబు మూడక్షరాలు, మా నాన్న. నా నోటికి ఆ మూడక్షరాలు బరువయ్యాయి. "డ్రయ్యర్ దగ్గర పనిచేసే అతనండీ" అన్నాను. అబద్ధం కాదు, ఎక్కడ విప్పి చూసినా అందులో అబద్ధం లేదు, అంత శుభ్రంగా చెప్పాను. "ఆ గొంతుని ఏదో ఒకటి చెయ్యి, వచ్చే ఎగ్జామినరు నాలాగా మెత్తటి మనిషి కాదు" అంది ఆవిడ, సరేనన్నాను. ఆవిడ పుస్తకంలో ఏదో రాసుకోవడానికి తల దించింది. పిల్ల చురుకైనది, చెప్పిన వెంటనే చేసేస్తుంది అనిపించుకోవాలని కాబోలు, ఆ ఒక్క నిమిషంలోనే, గది ఈ చివర నుంచి ఆ చివర నాన్న వైపు చూసి పెదాలతో చెప్పాను. 'గొంతు తియ్యకు. ఊరికే పెదాలు కదుపు.' పదిమందిలో చెప్పకుండా ఎంత మర్యాదగా చెప్పానో అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. నాన్న ఒక్క క్షణం నా మొహం చూశాడు. తర్వాత ఆయన పెదాలు కదిలాయి, 'అలాగే'. రెండోసారి పాడారు. నాన్న నోరు చక్కగా తెరుచుకుంది, చక్కగా మూసుకుంది. "చూశావా ఎంత తేడానో" అంది మేడమ్, నేను అవునన్నాను, అవును నిజంగానే తేడా ఉంది, అదే కదా బాధ.

ఎందుకని అడిగినా బాగుండేది. అడుగుతాడని బస్సులో ఉపన్యాసం తయారుచేసుకున్నాను, మార్కుల గురించి, గొంతులు కలవడం గురించి. అడగలేదు. ఇంటికెళ్ళేసరికి అమ్మతో చెప్తున్నాడు, "నాకు స్పెషల్ డ్యూటీ పడింది, గొంతు కలపకుండా పెదాలతో మాటలు అందించాలి, మర్చిపోయినవాళ్ళు నన్ను చూసి అందుకుంటారు, ప్రతి బృందంలో ఒకడుండాలంట." అమ్మ నా వైపు తిరిగి, "అలాంటిది ఉంటుందా?" అంది. "ఉంటుంది" అన్నాను. నాలుగేళ్ళు సంగీతం చదివాను, ఎక్కడా లేదు. ఆ రోజు నుంచి అద్దం ముందు నిలబడి పెదాలు ప్రాక్టీసు చేస్తున్నాడు, గడ్డం గీసుకుంటూ రెండు పాటలూ పూర్తి చేస్తాడు, చప్పుడు లేకుండా. ఇంకొకటి కూడా జరిగింది, అది అమ్మే కనిపెట్టింది, "మీ నాన్న స్నానాల గదిలో కూడా పాడటం లేదే, ఒంట్లో బాగానే ఉందా" అని. "గొంతు దాచుకుంటున్నానులే" అన్నాడు నాన్న తువ్వాలుతో తల తుడుచుకుంటూ. దేనికి దాచుకుంటున్నావని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఇంట్లో ఎవరూ ఆపలేదు కదా, ఇంట్లో ఎవరు ఎగ్జామినరు. ఆ తర్వాత ప్రాక్టీసుల్లో నాన్న నన్ను చిట్టీ అనడం మానేసి మేడమ్ అన్నాడు, ఆట పట్టిస్తున్నాడనుకున్నాను, వారం తిరిగేసరికి ముప్పై మందీ మేడమ్ అనడం మొదలుపెట్టారు, నాకు గౌరవం పెరిగిందనుకున్నాను. పొంగిపోయాను, హాస్టల్ స్నేహితురాలికి ఫోన్ చేసి చెప్పాను కూడా.

తలుపు తోసుకుని మడతల పెద్దమ్మ వచ్చింది. మడతల బల్ల దగ్గర అందరికన్నా పాత మనిషి, చిన్నప్పుడు నన్ను దుప్పట్ల బుట్టలో కూర్చోబెట్టి హాలంతా తోసేది. చేతిలో టీ గ్లాసు, మీద ఒక సాసరు మూత.

"మేడమ్, టీ."

"నువ్వు కూడా ఏంటి పెద్దమ్మా. ఇక్కడ మనిద్దరమే ఉన్నాం, చిట్టీ అను."

"వద్దులేమ్మా. ఆయన వచ్చే టైమైంది. అలవాటు తప్పితే అక్కడ నోరు జారుతుంది."

"జారితే ఏమవుతుంది?"

"మీ నాన్న ఊరుకోడు" అంది గ్లాసు నా చేతికిస్తూ. "దానికి కాలేజీలో ఒక పేరుంది, మనం చిట్టీ బుట్టీ అంటే తలవంపులు, నేనెవరో కూడా వాళ్ళకి తెలియక్కర్లేదు, మేడమ్ అనండి అని ఆ రోజే అందరికీ చెప్పాడు."

"ఏ రోజు?"

"కళ్ళద్దాలావిడ వచ్చిన రోజు." నా మొహం చూసి కాస్త ఆగింది. "అలా చూస్తావేంటే. ఎదురుగా నిలబడే అన్నావు కదా, డ్రయ్యర్ దగ్గర పనిచేసే అతను అని."

"నేను ఆవిడ చెవిలో చెప్పాను పెద్దమ్మా."

"చెవిలోనే చెప్పావు. మాకు చెవులతో పనేముంది?"

టీ వేడి వేళ్ళకి తగులుతోంది, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పెద్దమ్మ కోపంగా లేదు, కోపంగా ఉన్నా తట్టుకునేదాన్ని, దుప్పటి అంచు సరిచేస్తూ రేపటి పని గురించి చెప్తున్నట్టు చెప్పింది. తర్వాత గొంతు తియ్యకన్నావు, అదీ చూశాం, ముప్పై మందిమీ చూశాం, పిల్ల పాసవ్వాలి కదా అని ఎవరం ఏమనుకోలేదు, ఇస్త్రీ బాబాయ్ ఒక్కడే నేను రానని మొండికేశాడు, రెండు రోజులు రాలేదు చూడు, జ్వరం కాదు పాడూ కాదు, మీ నాన్నే బతిమాలి తీసుకొచ్చాడు. "నాన్న ఏమన్నాడు?" అని అడిగాను, అడగకుండా ఉండాల్సింది. "ఏమంటాడు. డ్రయ్యర్ దగ్గర పనిచేసేవాణ్ణే కదా, అందులో అబద్ధమేముంది అన్నాడు." వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "టీ చల్లారిపోతుంది, తాగు" అంది.

తాగాను. చెప్పినట్టు తాగడం ఒక్కటే చేతనైంది. మా ఇంటి ముగ్గురి రహస్యం అనుకున్నానా నేను దాన్ని, నాలుగేళ్ళు ఎవరికీ ఆ విద్య రాని చోట తిరిగి తిరిగి, అది మా ఒక్క ఇంటిదే అనుకున్నానా, అది ఆ హాలు మొత్తానిదీ, మా ఇంటికి వచ్చిందే అక్కడి నుంచి. ఎవరికీ వినపడకూడదని పెదాలతో చెప్పాను, వినడం మాని పాతికేళ్ళైన మనుషుల ముందు. నాన్నకి ఒక్కడికే అయితే ఇంటికెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చుని ఏదో ఒకటి చెప్పుకోవచ్చు, ముప్పై మంది చూస్తుండగా ఆయన అలాగే అన్నాడు, చూస్తున్నారని తెలిసీ అన్నాడు, అప్పటికే నా పెదాల మీద 'అతను' అనే మాట కూడా చదివేసి అన్నాడు. నేను మెల్లగా మాట్లాడానని ధీమాగా ఉన్నాను, ఆయన నా పెదాల మీద తనెవరో చదువుకుంటున్నాడు. ఆ తర్వాత ఆయన చేసిన పనేంటి, ఇంటికెళ్ళి స్పెషల్ డ్యూటీ అని అమ్మకి అబద్ధం చెప్పాడు, ఆయనకి అబద్ధాలు రావు, చెవులు ఎర్రబడతాయి, ఆ రోజు చెవులు ఎర్రగా ఉన్నాయి, స్నానం చేసొచ్చాడు కదా అనుకున్నాను. నా తప్పు కప్పడానికి దుప్పటి ఆయనే వెతికి తెచ్చాడు, నేను దాన్ని కప్పుకుని మేడమ్‌నని పొంగిపోయాను. తల కొట్టేసినట్టుంది. ఇప్పుడు వెళ్ళి ఆ నాలుగు వరసల ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి, చెయ్యెత్తి ఏమని పాడమనాలి, తలుపు వేయకు అనా. ఒక్క మాటతో అయిపోయే పని, పాడు నాన్నా అంటే చాలు, పాడితే ఆయన బయల్దేరతాడు, బయల్దేరితే ఎగ్జామినరు కళ్ళు మూసుకుంటాడు, ఇంకో సంవత్సరం. ఇంకో సంవత్సరం అని లెక్క వేస్తున్నాను, చూడండి, ఇంత తెలిశాక కూడా, దుప్పట్ల మధ్య కూర్చుని లెక్క వేస్తున్నాను. చెప్పకపోయినా ఆయనేం అనుకోడు. అనుకోడన్న ధైర్యంతోనే కదా ఇంతదాకా వచ్చాను.

కిటికీలో సూపర్‌వైజరు వేలు ఆడించాడు, వచ్చారు. గడియారం మూడూ నలభై ఎనిమిది, అంటే మూడూ నలభై మూడు. లేచి టీ గదిలోకి వెళ్ళాను. ఎగ్జామినరు సన్నటి మనిషి, చంకలో ఫైలు, చెమట తుడుచుకుంటూ క్షమాపణ చెప్పాడు, దారంతా బండ్లేనన్నాడు, మేడమ్ కోసం తుడిచిన కుర్చీలోనే కూర్చుని పెన్ను మూత తీశాడు. "మొదలుపెట్టండి" అన్నాడు. ముప్పై మంది లేచి నిలబడ్డారు. నాన్న తెల్ల చొక్కా వేసుకున్నాడు, ఇస్త్రీ బాబాయ్ చేసిన ఇస్త్రీ, మడత కత్తిలా ఉంది. శ్రుతిదండం చేతిలోకి తీసుకున్నాను, మోకాలి దాకా వంగాను, కొట్టలేదు. తలెత్తి నాన్న వైపు చూసి, నాకు తెలిసిన ఒకే ఒక్క పిరికి దారిలో, ఎగ్జామినరుకి అందకుండా, పెదాలతో అన్నాను. 'పాడు నాన్నా.' ముప్పై జతల కళ్ళు నా నోటి మీద ఉన్నాయి. నాన్న తల కొంచెం అడ్డంగా ఊపాడు. 'ఆయన వెళ్ళాక.'

ఆయన వెళ్ళాక పాడతాడట. అంటే మెషిన్లు వేశాక, ఎవరికీ వినపడనప్పుడు.

శ్రుతిదండం సంచిలో పడేశాను. చప్పుడైంది, ఎగ్జామినరు తలెత్తాడు. "సార్, ఒక్క నిమిషం" అన్నాను, గొంతు పెట్టే అన్నాను, గొంతు నాదిలా లేదు. "శ్రుతి మా నాన్న ఇస్తాడు. ఆఖరి వరసలో, కిటికీ నుంచి రెండో ఆయన. మా నాన్నండీ. ఇక్కడే డ్రయ్యర్ల దగ్గర ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్నాడు." చెప్పాక తేలికపడతాననుకున్నాను, పడలేదు, మూడు వారాల కిందట ఖర్చులేకుండా చెప్పాల్సిన మాట అది, ఇప్పుడు చెప్తే గొప్పేముంది. ఎగ్జామినరు వెనక్కి తిరిగి చూశాడు. నాన్న పెదాలు గబగబా కదులుతున్నాయి, 'వద్దు, వద్దమ్మా, పాసవ్వవు', చదవడం రానిదానిలా నిలబడ్డాను. అటు పక్క నుంచి ఇస్త్రీ బాబాయ్ మోచేత్తో ఆయన్ని పొడిచాడు. పెద్దమ్మ వెనక్కి తిరిగి ఏదో అంది, ఏమందో నాకు కనపడలేదు.

నాన్న గొంతు సవరించుకున్నాడు. మూడు వారాలు వాడని గొంతు, మొదట గాలే వచ్చింది, తర్వాత తుప్పు పట్టిన తలుపు లాంటి చప్పుడు, తర్వాత అది వచ్చింది. డ్రయ్యరే. మెషిన్లన్నీ ఆగి ఉన్న భవనంలో, అదే ఎత్తు, ఒక్క పిసరు అటూ ఇటూ కాకుండా. నేను మూడు నెలలు శ్రుతిదండం కొట్టి కొట్టి ఒక మెట్టు మీద నిలబెట్టిన ఇరవై తొమ్మిది మంది, ఎవరూ వెతుక్కోలేదు, ఎవరూ పక్కవాళ్ళ మొహం చూడలేదు, ఇంట్లోకి వెళ్ళినట్టు వెళ్ళిపోయారు దాంట్లోకి, ఏరు దాటి వస్తున్నాను. నా గొంతు కూడా, నన్నడక్కుండా, కాలేజీ ఏడాది పాటు ఎత్తిన దూరమంతా కిందకి దిగింది. బాగుందో లేదో చెప్పలేను, చరణంలో పై స్వరాల దగ్గర నాన్న మళ్ళీ తన దారిన బయల్దేరాడు, ఆ స్వరాలు ఆయనకి వినపడవు కదా, ఈసారి అది నాకు గుర్తుంది. ఎగ్జామినరు కళ్ళు మూసుకోలేదు, ఏదో రాస్తున్నాడు, ఏం రాస్తున్నాడో తెలియదు. నాన్న పాడుతూ నన్ను చూడటం లేదు, ఎగ్జామినర్నే చూస్తున్నాడు, మా పిల్ల తప్పేం లేదండీ అని బతిమాలుతున్నట్టుంది ఆ మొహం, ఇంత జరిగాక కూడా ఆ మొహమే. నేను చేతులు వేలాడేసుకుని అలాగే నిలబడిపోయాను. మొదటి చరణం అయి అందరూ ఊపిరి తీసుకునే చోట నాన్న కళ్ళు నా వైపు తిరిగాయి, పెదాలు గబుక్కున కదిలాయి, 'చెయ్యి, చిట్టీ, చెయ్యి ఊపు, ఆయన చూస్తున్నాడు.'

ఎత్తి ఊపాను.